లాప్‌టాప్ స్క్రీన్‌తో ఇంట్లో ప్రొజెక్టర్: కడప ఎండల్లో అది బతకాలంటే

తమ్ముడూ, నీ దగ్గర మదర్‌బోర్డు పోయిన పాత లాప్‌టాప్ ఉంది, 15.6 అంగుళాల స్క్రీన్ మాత్రం చెక్కుచెదరలేదు. దాని వెనక 100 వాట్ల ఎల్‌ఈడీ, ముందు పెద్ద భూతద్దం పెట్టి, మిద్దె మీద పది అడుగుల బొమ్మ వేసుకుని ఐపీఎల్ చూడొచ్చా అని అడిగావు. చూడొచ్చు. కానీ ఆ స్క్రీన్‌తో కాదు, ఆ సైజులో కాదు, మే నెల మధ్యాహ్నం అసలు కాదు.

కడపలో లాప్‌టాప్‌లు, టీవీలు బాగుచేసే అంగడి పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఈ పిచ్చి నాకూ పట్టింది. ఇప్పటికి మూడు ప్రొజెక్టర్లు కట్టాను. మొదటిది కాలిపోయింది. రెండోది పనిచేసింది గానీ, బీరువా అంత ఉందని మా ఇంటామె దాన్ని పడగ్గదిలోంచి గెంటేసింది. మూడోది ఇప్పటికీ ఎండాకాలం రాత్రుళ్లు మా మిద్దె మీద ఆడుతోంది. ఈ మూడింట్లో నేను నేర్చుకున్నదే చెప్తున్నా.

ముందు వెలుగు లెక్క చూద్దాం, అక్కడే అందరూ బోల్తా పడతారు. ఎల్‌సీడీ ప్యానెల్ వెలుగునిచ్చే వస్తువు కాదు, వెలుగును ఆపే వస్తువు. వెనక నుంచి 100 పాళ్ల వెలుగు కొట్టావనుకో, దానికి రెండు వైపులా ఉండే పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదిలే ఫిల్ములు) కలిసి 40 పాళ్లు వదిలితే గొప్ప. ఆ తర్వాత పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. ఒక్కో ఫిల్టర్ తన రంగును వదిలి మిగతా రెండింటినీ మింగేస్తుంది, అంటే ఉన్నదాంట్లో మూడో వంతు మిగిలింది. పిక్సెళ్ల మధ్య నల్ల గీతలు, ట్రాన్సిస్టర్లు, తీగలు అందులో ఇంకో సగం తినేస్తాయి. అటువైపు తేలేది 5, 6 పాళ్లు. లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఇది మనకు తెలీదు, ఎందుకంటే ఆ ఐదారు పాళ్లనే అడుగున్నర దూరం నుంచి నేరుగా చూస్తాం. దాన్నే గోడంత చేసి పరిస్తే అప్పుడు తెలుస్తుంది.

100 వాట్ల మంచి సీఓబీ ఎల్‌ఈడీ (ఒకే పలక మీద బోలెడు చిన్న ఎల్‌ఈడీలు కూర్చినది) దాదాపు 9,000 ల్యూమెన్లు ఇస్తుంది; ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే మొత్తం వెలుగు కొలత. అందులో సగం లెన్సులోకి రాకుండా పక్కలకు పోతుంది. గుండ్రంగా పడే వెలుగులో పలకలా ఉన్న ప్యానెల్ మీద పడేది మళ్లీ సగానికి కాస్త ఎక్కువ. ప్యానెల్ కోత, లెన్సుల కోత పోను తెరకు చేరేది 100 నుంచి 120 ల్యూమెన్లు. ఆరు అడుగుల వెడల్పు బొమ్మ వేస్తే తెల్లటి చోట సుమారు 60 లక్సులు (చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు). నువ్వు అడిగిన పది అడుగులు వేస్తే 20కి దిగుతుంది. సినిమా హాలు ప్రమాణం లెక్కలో తెల్లటి తెర మీద సుమారు 150 లక్సులు. కాబట్టి ఆరు అడుగుల దగ్గర నీకు హాల్లో సగం కన్నా తక్కువ వెలుగు ఉంటుంది, చీకట్లో హాయిగా చూడొచ్చు. పది అడుగుల దగ్గర బంతి ఎటు పోయిందో వ్యాఖ్యాత చెబితేనే తెలుస్తుంది.

ఇక నీ 15.6 సంగతి. ఆ ప్యానెల్‌లో బొమ్మ వచ్చే భాగం 344 మిల్లీమీటర్ల వెడల్పు, 194 ఎత్తు. మూల నుంచి మూలకు దాదాపు 400. దాని మొత్తానికీ సమంగా వెలుగు పట్టించాలంటే అంత పెద్ద ఫ్రెనెల్ లెన్స్ (గుండ్రటి గీతలు చెక్కిన పల్చటి పలక లెన్సు) కావాలి. పుస్తకం చదువుకోడానికి అమ్మే ఏ4 సైజు పల్చటి ఫ్రెనెల్ షీటు దానికి చాలదు. నువ్వు వీడియోలో చూసిన భూతద్దం పద్ధతిలో అసలు ఫ్రెనెలే ఉండదు. అందుకే మధ్యలో ఒక వెలుగు ముద్ద, చుట్టూ చీకటి. వీడియో తీసినవాడు కెమెరాను ఆ మధ్య భాగం మీదే పెడతాడు, మూలలు చూపించడు. ఈసారి చూసేటప్పుడు గమనించు.

అందుకని నేను చెప్పే దారి ఓహెచ్‌పీ, అంటే ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్. పాత స్కూళ్లలో, కాలేజీల్లో ప్లాస్టిక్ షీట్ల మీద రాసి గోడ మీద చూపించే పెట్టె ఉండేదే, అది. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. నాకు ఒక గుజిరీ అంగట్లో ఇనుము ధరకే తూకం వేసి ఇచ్చారు. అందులో నీకు కావాల్సినవన్నీ ఉన్నాయి. పైన 285 మిల్లీమీటర్ల చదరపు గాజు, దాని కింద మంచి ఫ్రెనెల్, స్తంభం మీద 315 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్, అద్దం, ఫోకస్ తిప్పే మర. ఇవన్నీ విడిగా కొని వరసలో నిలబెట్టడానికి నాకు రెండో ప్రొజెక్టర్‌కి నాలుగు నెలలు పట్టింది.

ఆ గాజు మీద 15.6 పట్టదు, చెరో పక్క మూడు సెంటీమీటర్లు బయటికి పోతుంది. 14 అంగుళాలది కూడా పట్టదు. 11.6 అంగుళాలది సరిగ్గా కూర్చుంటుంది: 256 మిల్లీమీటర్ల వెడల్పు, 144 ఎత్తు, రిజల్యూషన్ 1366 ఇంటూ 768. అంటే నీ పెద్ద ప్యానెల్‌లో ఉన్నన్ని పిక్సెళ్లే ఇందులోనూ ఉంటాయి (నీది ఫుల్ హెచ్‌డీ కాకపోతే). పాత నెట్‌బుక్‌ల 10.1 అంగుళాలదైనా పర్లేదు. రిపేరు అంగళ్లలో కీబోర్డు పోయినవి, బ్యాటరీ ఉబ్బినవి పడుంటాయి, అడిగితే ఇస్తారు. నీ 15.6ని పగలగొట్టొద్దు. దానికి ఒక కంట్రోలర్ బోర్డు తగిలిస్తే మంచి మానిటర్ అవుతుంది.

కంట్రోలర్ బోర్డు అంటే హెచ్‌డీఎంఐని ప్యానెల్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చేది. ఇది ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ‘లాప్‌టాప్ స్క్రీన్‌కి బోర్డు’ అని అడిగితే లాభం లేదు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో మోడల్ నంబర్ ఉంటుంది, ఆ నంబరుకే ప్రోగ్రామ్ చేసిన బోర్డు కావాలి. కొన్న లాప్‌టాప్ మోడల్ కాదు, ప్యానెల్ మోడల్. పాత ఎల్‌ఈడీ ప్యానెళ్లకు ఎక్కువగా 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ కనెక్టర్, తర్వాత వచ్చిన పల్చటి వాటికి 30 పిన్నుల ఈడీపీ. ఒకదాని బోర్డు ఇంకోదానికి పనికిరాదు. ఇంకో మాట, ఎల్‌వీడీఎస్ బోర్డు మీద ప్యానెల్ వోల్టేజిని ఎంచుకునే జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న టోపీ) ఉంటుంది: 3.3, 5, 12. లాప్‌టాప్ ప్యానెళ్లకు 3.3 మాత్రమే. మా దగ్గర పని నేర్చుకునే పిల్లోడు ఒకసారి 5 మీద ఉన్న జంపర్‌ని చూసుకోకుండా కరెంటు ఇచ్చాడు. పొగ రాలేదు, శబ్దం రాలేదు. తెల్లగా అయింది, అంతే, మళ్లీ మాట్లాడలేదు.

ప్యానెల్ విప్పకముందే బోర్డు తగిలించి బొమ్మ వస్తోందో లేదో చూడు. విప్పిన తర్వాత రాకపోతే తప్పు బోర్డుదో నీదో తేలదు.

విప్పడం గంట పని, కానీ ఆ గంటలో ఎవరూ పలకరించకూడదు. మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి, ఫ్యాను ఆపి కూర్చో. చుట్టూ అంటించిన నల్ల టేపు ఊడదీస్తే రేకు ఫ్రేము వస్తుంది. దాని లోపల పైన గాజు, కింద పొరలు పొరలుగా తెల్లటి షీట్లు, చివర మందపాటి యాక్రిలిక్ పలక, దాని అంచున ఎల్‌ఈడీ పట్టీ. మనకు కావాల్సింది పైన ఉన్న గాజు ఒక్కటే. రెండు గాజులూ కలిపి మిల్లీమీటరు మందం ఉంటే ఎక్కువ. దాని ఒక అంచు నుంచి తేనె రంగు పల్చటి రిబ్బన్లు వేలాడుతూ ఒక సన్నటి బోర్డుకు కలుస్తాయి. ఆ బోర్డు మామూలుగా వెనక్కి మడిచి ఉంటుంది. దాన్ని మెల్లగా బయటికి తెరిచి గాజుతో సమానంగా పరచాలి, లేకపోతే వెలుగుకు అడ్డం. రిబ్బన్ గాజుకు అంటిన చోట ఒక్క జాయింటు లేచిందంటే తెర మీద నిలువు గీత పడుతుంది, దాన్ని అతికించే మెషిన్ ఇళ్లలో ఉండదు. అందుకే గాజును ఎత్తేటప్పుడు బోర్డును కూడా ఇంకో చేత్తో పట్టుకో. ఇద్దరుంటే మేలు.

గాజుకు రెండు వైపులా అంటుకుని ఉన్న బూడిద రంగు ఫిల్మే పోలరైజర్. కొంతమంది ఇది కూడా డిఫ్యూజరే (వెలుగును పరిచే తెల్ల షీటే) అనుకుని పీకేస్తారు. పీకితే బొమ్మ ఉండదు, గాజు పలక మిగులుతుంది. మరీ పాత లాప్‌టాప్ అయితే అంచున ఎల్‌ఈడీలకు బదులు సన్నటి గాజు ట్యూబు ఉంటుంది. అందులో పాదరసం ఉంటుంది, పగలనివ్వొద్దు. దానికి కరెంటిచ్చే చిన్న ఇన్వర్టర్ బోర్డులో వందల వోల్టులు పుడతాయి, ఆన్‌లో ఉండగా ముట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం, వేడి. లాప్‌టాప్ ప్యానెళ్ల డేటాషీటు తీసి చూడు, పనిచేసే ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 50 డిగ్రీలు అని ఉంటుంది. చల్లటి దేశంలో 20 డిగ్రీల గదిలో కూర్చుని కట్టేవాడికి 30 డిగ్రీల వెసులుబాటు ఉంది. మన కడపలో మే నెల మధ్యాహ్నం 42, 43. కాంక్రీటు మిద్దె కింద గది సాయంత్రం ఏడింటికి కూడా 38, 39 ఉంటుంది. నీకు మిగిలింది పదకొండు డిగ్రీలు. వీడియోల్లో చెప్పిన ఫ్యాన్ల లెక్క మన ఊరికి పనికిరాదు అనేది ఇందుకే. ప్యానెల్ వదిలేది 5, 6 పాళ్లే అన్నాను కదా, మిగతాది ఎక్కడికి పోయింది? కాస్త వెనక్కి తిరిగొస్తుంది, ఎక్కువ భాగం ఆ మిల్లీమీటరు గాజులోనే వేడిగా మారుతుంది.

నా మొదటిది ఎలా పోయిందో చెప్తాను. అప్పట్లో సీఓబీ ఎల్‌ఈడీలు నాకు దొరకలేదు. వీధి దీపాల మెటల్ హాలైడ్ బల్బు, చోక్, ఇగ్నైటర్ తెచ్చి ప్లైవుడ్ పెట్టెలో బిగించాను. వెలుగు బ్రహ్మాండం. ఇరవై నిమిషాలకు తెర మధ్యలో సిరా చుక్క పడ్డట్టు నల్లటి మచ్చ వచ్చింది. చూస్తుండగానే అరచేయంత అయింది, తర్వాత పళ్లెమంత. భయపడి ఆపేశాను. పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ వేస్తే మచ్చ లేదు! అది ద్రవస్ఫటికం. ఒక హద్దు దాటి వేడెక్కితే అది మామూలు ద్రవమైపోయి, వెలుగును మెలితిప్పే గుణం పోతుంది. మెలి లేకపోతే రెండు పోలరైజర్లు అడ్డదిడ్డంగా ఉన్నట్టే, అక్కడ నలుపు. చల్లబడితే మళ్లీ యథాస్థితి. నేను దాన్ని ‘హమ్మయ్య’ అనుకుని వాడుతూ పోయాను. వారంలో పోలరైజర్ మధ్యలో పసుపు తిరిగి, ఉల్లిపాయ పొరలా ముడతలు పడింది. అది తిరిగి రాలేదు. నల్లమచ్చ మొదటి హెచ్చరిక, పసుపు ఆఖరుది. మెటల్ హాలైడ్ జోలికి నువ్వు వెళ్లొద్దు. వేడి సంగతి అటుంచు, అది వెలిగేటప్పుడు ఇగ్నైటర్ వేల వోల్టులు కొడుతుంది, బల్బు అతినీల కిరణాలు కూడా చిమ్ముతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇలా. ఓహెచ్‌పీలో ఉన్న హాలొజెన్ బల్బు తీసేసి, అదే చోట, అదే ఎత్తులో సీఓబీ ఎల్‌ఈడీ పెట్టాను. కంప్యూటర్ ప్రాసెసర్‌కు వాడే పెద్ద హీట్‌సింకు, దానికి థర్మల్ పేస్ట్, ఫ్యాను. హీట్‌సింకు లేకుండా ‘ఒక్క క్షణం చూద్దాం’ అని వెలిగించకు, ఆ క్షణంలోనే పోతుంది. ఎల్‌ఈడీకి నేరుగా ఎస్‌ఎంపీఎస్ (వోల్టేజిని మాత్రమే స్థిరంగా ఉంచే మామూలు పవర్ సప్లై) ఇవ్వకూడదు, కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ కావాలి. 100 వాట్ల దాన్ని 70 వాట్ల దగ్గర ఆపాను. వెలుగు కొలిస్తే తగ్గింది గానీ, కంటికి తేడా పెద్దగా తెలీదు. వేడికి మాత్రం బాగా తెలుస్తుంది.

ప్యానెల్‌ను గాజు మీద నేరుగా పడుకోబెట్టకుండా నాలుగు మూలలా మూడేసి క్యారమ్ కాయిన్లు అంటించి ఎత్తుమీద పెట్టాను. ఆ రెండున్నర సెంటీమీటర్ల సందులోంచి ఒక పక్క నుంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాను గాలి కొడుతుంది, పై పక్క ఇంకో చిన్నది. ఎత్తు వల్ల ఇంకో లాభం, ఫ్రెనెల్ మీది గుండ్రటి గీతలు ఫోకస్‌లోకి రావు. ఇక నాకు బాగా పనిచేసిన చిట్కా ఒకటుంది. ఇంకో పోయిన ప్యానెల్ నుంచి పోలరైజర్ ఫిల్మ్ ఊడదీసి, జిగురు శుభ్రం చేసి, గాజు ముక్కకు అంటించి, అసలు ప్యానెల్ కింద విడిగా నిలబెట్టు. దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒక కోణంలో తెర పూర్తిగా చీకటవుతుంది, ఇంకో కోణంలో మళ్లీ వెలుగొస్తుంది. బాగా వెలుగున్న చోట బిగించు. మొదటి పోలరైజర్ మింగే సగం వేడి ఇప్పుడు ఈ ముక్క మింగుతుంది. అది కాలితే ఇంకోటి అంటించుకోవచ్చు, ప్యానెల్ బతుకుతుంది.

దీనికి తోడు కేఎస్‌డీ301 అనే చిన్న థర్మల్ స్విచ్, 45 డిగ్రీలకు తెరుచుకునే రకం, ప్యానెల్ అంచుకు ఆనించి ఎల్‌ఈడీ లైన్‌లో వేశాను. వేడెక్కితే దీపం ఆరిపోతుంది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఫ్యాన్ల లైను దీపం లైను వేరువేరుగా ఉండటం ముఖ్యం. నిరుడు ఒక మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఈ స్విచ్ పడిపోయి మా అల్లుడు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఫ్యాను ముందు ఎవరో దిండు పెట్టారు. ప్యానెల్ మాత్రం ఈరోజుకీ బాగానే ఉంది.

దూరం లెక్క సులువు. 315 లెన్సుతో ఆరు అడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే ప్యానెల్‌ను ఏడింతలు పెంచాలి. ఏడుకు ఒకటి కలిపి 315తో గుణిస్తే తెర దూరం, అంటే రెండున్నర మీటర్లు, ఎనిమిది అడుగుల చిల్లర. ప్యానెల్‌ను బొమ్మ వైపు పైకి, కింది అంచు తెర వైపు ఉండేలా పడుకోబెడితే తెర మీద అక్షరాలు తిన్నగా వస్తాయి. ఓహెచ్‌పీని మొదట చేసిందే అలా. ఓహెచ్‌పీ తల (లెన్సు, అద్దం ఉన్న పైభాగం) పైకి ఎత్తితే బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది, అందుకని పెట్టెనే ఎత్తు మీద పెట్టడం మేలు. నేను రెండు ఇటుక వరసల మీద కడప బండ ముక్క వేసి దాని మీద పెట్టాను. మన ఊళ్లో అది ఊరికే దొరుకుతుంది, బరువుకు కదలదు, పిల్లలు పక్కన గెంతినా బొమ్మ ఊగదు.

తెరకు దుప్పటి కట్టొద్దు, సగం వెలుగు వెనక ఇంటివాళ్లకు పోతుంది. ఫ్లెక్సీ షాపుకు వెళ్లి ప్రింట్ చేయని తెల్ల ఫ్లెక్సు, వెనక నల్లగా ఉండే రకం, ఆరు నాలుగు అడుగులు కోసివ్వమను. మెరుపు లేనిది చూసుకో. కింద ఒక పైపు దూర్చితే గాలికి నిలబడుతుంది. మిద్దె మీద వీధి దీపం పడుతుంటే తెరను దానికి వీపు పెట్టేలా తిప్పు. దాని వెలుగు తెర మీద ఐదు, పది లక్సులు పడినా నీ నలుపులన్నీ బూడిద అవుతాయి.

వానలు మొదలైనాక దీపపు పురుగుల బాధ ఉంది. ఫ్యాను లాక్కుని ప్యానెల్ మీద పడేస్తుంది, అది సరిగ్గా ఫోకస్‌లో ఉంటుంది. గోధుమ గింజంత పురుగు తెర మీద బొద్దింకంత అయి బ్యాట్స్‌మన్ మొహం మీద పాకుతుంది. ఫ్యాను నోటికి పాత దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టు, నెలకోసారి దులుపు. దుమ్ము కూడా అంతే, ప్యానెల్ మీద ఊదకు, కెమెరా లెన్సులకు వాడే మెత్తటి బ్రష్‌తో తుడువు. ఓహెచ్‌పీ ఇనుప పెట్టెకు ఎర్త్ వైరు తప్పనిసరి. వెలిగే ఎల్‌ఈడీ వైపు కన్నెత్తి చూడొద్దు, పిల్లలను చూడనివ్వొద్దు.

డబ్బు ఆదా కోసమైతే ఇదంతా వద్దని నేనే చెప్తాను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ విప్పి చూశాను. లోపల ఉన్నది ఇదే బొమ్మ: అరచేయంత ఒక ఎల్‌సీడీ, ముందూ వెనకా ఫ్రెనెల్ షీట్లు, వేడి ఆపే గాజు, ఎల్‌ఈడీ. డబ్బా మీద రాసిన ల్యూమెన్లను మాత్రం నమ్మకు. నీ వెతుకులాట, ప్రయాణాలు, పాడయ్యే ఒకటి రెండు ప్యానెళ్లు కలిపితే ఖర్చు దానికి దగ్గరగానే తేలుతుంది. చెయ్యాలన్న దురద ఉంటేనే దిగు.

దిగేట్టయితే ముందు ఓహెచ్‌పీ వెతుకు, ప్యానెల్ తర్వాత. దొరికాక తల దగ్గర లెన్స్‌ను వెలుగుకు ఎత్తి పట్టి చూడు. సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే వదిలెయ్, అది లోపల పట్టి ఉంటుంది, తుడిస్తే పోదు. పైగాజు తీసి కింది ఫ్రెనెల్ మధ్యలో మరకలు, కరిగిన గుర్తులు ఉన్నాయేమో కూడా చూసుకో. అవి బాగుంటే 11.6 ప్యానెల్ స్టిక్కరు ఫొటో తీసి పంపు, ఏ బోర్డు కావాలో చెప్తాను.